సొంతగడ్డ మీద టెస్టులకి జట్టు ఎలా ఎంచాలి: ముందు ఆరుగురు బ్యాటర్లు, ఆ తర్వాతే మిగతా లెక్క

పాలకొల్లు నుంచి ఒక తమ్ముడు అడిగాడు: 2027 మొదట్లో ఆస్ట్రేలియా ఐదు టెస్టులకి మన దగ్గరికి వస్తోంది, మనమేమో ఏడాది తేడాలో న్యూజిలాండ్ చేతిలో 0-3, దక్షిణాఫ్రికా చేతిలో 0-2 ఇక్కడే ఓడిపోయాం, ఈసారి జట్టుని ఎలా ఎంచాలి, ఆల్‌రౌండర్లు ఎంతమంది ఉంటే అంత మంచిది కదా, మన నితీశ్ రెడ్డికి చోటుంటుందా? నేను కోనసీమలో పిల్లలకి కోచింగ్ ఇస్తుంటాను, జిల్లా జట్ల సెలెక్షన్లలో చాలా ఏళ్ళు కూర్చున్నాను, కాబట్టి కొంచెం పెద్దగానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు సూటిగా జవాబు. కాదు తమ్ముడూ, ఆల్‌రౌండర్లు ఎక్కువైతే మంచిది కాదు. ఆరుగురు అసలైన బ్యాటర్లు కావాలి, మూడు వేర్వేరు రకాల స్పిన్నర్లు కావాలి, ఇద్దరు పేసర్లు కావాలి. ఈ జట్టుని ముందు ఖాయం చేసుకుని, దానికి పనికొచ్చే పిచ్ ఏదో అప్పుడు అడగాలి. ఈమధ్య జరుగుతున్నది దీనికి తలకిందులు. ముందే బాగా తిరిగే పిచ్ కావాలనుకోవడం, దాని మీద మన బ్యాటింగ్ ఎక్కడ కూలిపోతుందో అన్న భయంతో ఎనిమిదో నంబరు దాకా బ్యాట్ పట్టగలిగినవాళ్ళని నింపడం, చివరికి బ్యాటింగూ కుదరక, బౌలింగ్‌లో సగం మందికి ఓవర్లూ దొరకక మ్యాచ్ పోగొట్టుకోవడం.

కోల్‌కతా టెస్టే చూడు, 2025 నవంబరు. నలుగురు స్పిన్నర్లతో దిగాం, జడేజా, అక్షర్, కుల్దీప్, వాషింగ్టన్. దక్షిణాఫ్రికా మొదటి ఇన్నింగ్స్ 159కి ముగిసింది, మొత్తం 55 ఓవర్లు, అందులో బుమ్రా 14 ఓవర్లు వేసి 27 పరుగులకి ఐదు వికెట్లు తీశాడు. అక్షర్‌కి వచ్చినవి ఆరు ఓవర్లు. వాషింగ్టన్‌కి ఒక్కటే ఓవరు. ఒక్క ఓవరు వేయించడానికి ఒక స్పిన్నర్‌ని తీసుకున్నట్టు కదా లెక్క! పైగా అతన్నే మూడో నంబరులో బ్యాటింగ్‌కి పంపారు. కుర్రాడు పాపం బాగానే నిలబడ్డాడు, రెండో ఇన్నింగ్స్‌లో 31 కొట్టి మన జట్టులో టాప్ స్కోరర్ అతనే, కానీ 124 పరుగుల లక్ష్యానికి మనం 93కే ఆలౌట్ అయ్యాం. గిల్ మెడ పట్టేసి బ్యాటింగ్‌కి రాలేకపోయాడు, అది నిజం, ఆ దెబ్బ చిన్నది కాదు. అయినా ఆ పిచ్ మేం కోరుకున్నదేనని మ్యాచ్ అయ్యాక కోచ్ గంభీరే చెప్పారు. కోరుకున్న పిచ్ మీద వాళ్ళ స్పిన్నర్ సైమన్ హార్మర్ మ్యాచ్‌లో ఎనిమిది వికెట్లు తీసుకుని వెళ్ళాడు.

ఇక్కడే అసలు సంగతుంది, దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. మా వైపు ఊళ్ళలో చాలావరకు మ్యాట్ మీదే ఆట. మ్యాట్ మీద ఎవరు వేసినా బంతి తిరుగుతుంది. పదమూడేళ్ళ పిల్లాడు వేళ్ళు సరిగ్గా వాడకపోయినా ఆఫ్ స్పిన్ గిర్రున తిరిగి స్టంప్స్‌కి తగులుతుంది, వాడు ఐదు వికెట్ల స్కోరుకార్డు పట్టుకుని సెలెక్షన్‌కి వస్తాడు. వాణ్ణి విజయవాడ దగ్గర మూలపాడు లాంటి చోట టర్ఫ్ మీదికి, అంటే అసలైన మట్టి పిచ్ మీదికి తీసుకెళ్తే బంతి తిన్నగా పోతుంది, బ్యాటర్ ముందుకొచ్చి కొట్టేస్తాడు. అందుకే మ్యాట్ మీద స్పిన్నర్‌ని చూసేటప్పుడు బంతి ఎంత తిరిగిందో నేను చూడను. గాల్లో ఏం జరుగుతోందో చూస్తాను, బ్యాటర్ అనుకున్నచోట కాకుండా కాస్త ముందు పడిందా, వేగం మారుస్తున్నాడా, ఒకే యాక్షన్‌తో ఒకటి తిప్పి ఒకటి నేరుగా పంపగలడా. మరీ తిరిగే పిచ్ కూడా ఇదే చేస్తుంది, గొప్ప స్పిన్నర్‌కీ మామూలు స్పిన్నర్‌కీ మధ్య తేడా చెరిపేస్తుంది. మనకున్న లాభమే ఆ తేడా. దాన్ని మనమే పిచ్ రూపంలో అవతలివాళ్ళకి ఇచ్చేస్తున్నాం.

పాత లెక్కలు తీసినా ఇదే కనిపిస్తుంది. 2012లో ముంబయిలో ముగ్గురు స్పిన్నర్లతో ఇంగ్లండ్‌ని పడగొడదామనుకుంటే పనేసర్ పదకొండు, స్వాన్ ఎనిమిది వికెట్లు తీసి మనల్నే పది వికెట్ల తేడాతో ఓడించారు, ఆ సిరీసే పోయింది. 2017లో పుణెలో ఆస్ట్రేలియా స్పిన్నర్ స్టీవ్ ఒకీఫ్ రెండు ఇన్నింగ్స్‌లోనూ ముప్ఫై ఐదేసి పరుగులకి ఆరేసి వికెట్లు, మన స్కోర్లు 105, 107. 2023లో ఇండోర్‌లో కునెమన్ పదహారు పరుగులకే ఐదు తీస్తే, తర్వాతి ఇన్నింగ్స్‌లో లయన్ ఎనిమిది. 2024లో పుణెలో న్యూజిలాండ్ స్పిన్నర్ శాంట్నర్ పదమూడు, ఆ వెంటనే ముంబయిలో ఎజాజ్ పటేల్ పదకొండు, 147 కొట్టలేక 121కి ఆగిపోయాం. వీళ్ళలో స్వాన్, లయన్ మాత్రమే ఏ పిచ్ మీదైనా భయపెట్టగలిగే స్పిన్నర్లు. మిగతావాళ్ళు మంచి బౌలర్లే, నేను తక్కువ చేయడం లేదు, కానీ మామూలు పిచ్ మీద అయిదు రోజులు మన బ్యాటర్లని ఆపగలిగేవాళ్ళు కాదు.

మరి మంచి పిచ్‌ల మీద ఏమైంది? 2016లో ముంబయిలో ఇంగ్లండ్ మొదట 400 కొట్టి ఇన్నింగ్స్ తేడాతో ఓడింది. అదే సిరీస్‌లో చెన్నైలో 477 కొట్టి మళ్ళీ ఇన్నింగ్స్ తేడాతో ఓడింది, మనం 759 చేశాం, కరుణ్ నాయర్ 303 నాటౌట్, చివరి రోజు జడేజా ఏడు వికెట్లు. 2024లో హైదరాబాద్‌లో ఇంగ్లండ్ చేతిలో 28 పరుగుల తేడాతో ఓడాక విశాఖపట్నంలో జైస్వాల్ 209 కొట్టాడు, బుమ్రా మ్యాచ్‌లో తొమ్మిది తీశాడు. తర్వాత రాజ్‌కోట్‌లో 434 పరుగుల తేడాతో గెలిచాం. బ్యాటర్లు 400 పైన కొట్టగలిగే పిచ్, మూడో రోజు మధ్యాహ్నం నుంచి మెల్లగా తిరిగే పిచ్, అది చాలు మనకి. ఐదు రోజులు ఆడాలంటే భయమెందుకు? ఐదు టెస్టులంటే ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్‌లో 60 పాయింట్లు, గెలిస్తే 12, డ్రా అయితే 4. మూడు రోజుల్లో ముగిసే లాటరీ మీద ఆ 60 పాయింట్లు పెట్టాల్సిన అవసరం మనకి లేదు.

మట్టి గురించి ఒక మాట. డెల్టాలో పుట్టినవాళ్ళకి నల్ల మట్టి సంగతి చెప్పక్కర్లేదు, తడి ఉన్నంతసేపు పట్టుగా ఉంటుంది, ఎండితే నెర్రెలిస్తుంది, బంతి నెమ్మదిగా, కిందకి వస్తుంది. ఎర్ర మట్టి మీద బౌన్స్ ఉంటుంది, బంతి బ్యాట్ మీదికి వస్తుంది, తిరిగినా ఎగిరి తిరుగుతుంది. మన ఇప్పటి జట్టుకి బౌన్స్ ఉన్న ఎర్ర మట్టే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే బుమ్రా, సిరాజ్ కూడా ఆటలో ఉంటారు, కుల్దీప్ బంతి ఎగిరితే షార్ట్ లెగ్‌లో క్యాచ్‌లు వస్తాయి.

"గువాహటి పిచ్ బాగానే ఉంది కదా, అక్కడా 408 పరుగుల తేడాతో ఓడిపోయాం కదా" అని నువ్వు అడగొచ్చు. అవును, ఓడిపోయాం, పరుగుల పరంగా మన టెస్ట్ చరిత్రలో అంత పెద్ద ఓటమి ఇంకోటి లేదు. అక్కడ దక్షిణాఫ్రికా 489 కొట్టింది, మనం ఒక వికెట్‌కి 95 నుంచి ఏడు వికెట్లకి 122కి పడిపోయాం, అదీ స్పిన్‌కి కాదు, ఎక్కువగా పేసర్ యాన్సెన్ షార్ట్ బంతులకి. దాన్నుంచి నేను తెలుసుకున్నది పిచ్ వాదన తప్పని కాదు, బ్యాటింగ్ వరుస ఖాయంగా లేదని. అందుకే మొదటే ఆరుగురు బ్యాటర్లు అన్నాను.

2019లో ఐదుగురు బ్యాటర్లతో ఆడినా చెల్లిపోయింది, ఎందుకంటే మూడులో పుజారా, నాలుగులో కోహ్లీ, ఐదులో రహానే. 2017లో రాంచీలో పుజారా 525 బంతులు ఆడి 202 కొట్టాడు, అవతలి స్పిన్నర్లకి ఊపిరాడనివ్వలేదు. అలాంటివాళ్ళు ఉన్నప్పుడు ఆరో బ్యాటర్ బదులు ఇంకో బౌలర్‌ని తీసుకోవచ్చు. ఇప్పుడు మూడో నంబరు చూడు, సాయి సుదర్శన్, కరుణ్ నాయర్, మళ్ళీ సుదర్శన్, మధ్యలో వాషింగ్టన్, మళ్ళీ సుదర్శన్. ఇలా కుర్చీలాట ఆడితే ఏ కుర్రాడు కుదురుకుంటాడు? నా మాట ఏమిటంటే దేశవాళీలో దులీప్, రంజీ మొదటి దశ మ్యాచ్‌లు చూసి డిసెంబరుకల్లా మూడో నంబరు ఎవరిదో తేల్చేయాలి, సుదర్శన్‌దే అయితే ఐదు టెస్టులూ అతనికే అని ముందే చెప్పేయాలి. 2025లో ఢిల్లీలో వెస్టిండీస్ మీద 87 కొట్టాడు, ఆట ఉంది, కావలసింది టెన్షన్ లేకుండా నాలుగైదు మ్యాచ్‌లు. వద్దనుకుంటే దేవదత్ పడిక్కల్ ఉన్నాడు, అతనికీ అదే మాట చెప్పాలి.

ఓపెనర్లు జైస్వాల్, రాహుల్, దీని మీద వాదనే లేదు. 2024లో ఇంగ్లండ్ మీద జైస్వాల్ ఒక్క సిరీస్‌లో 712 పరుగులు చేశాడు. నాలుగులో గిల్. ఐదులో పంత్, ఆరులో ధ్రువ్ జురెల్. జురెల్‌ని రెండో కీపర్‌గా చూడొద్దు, బ్యాటర్‌గానే చూడాలి, రాంచీలో కష్టమైన పరిస్థితిలో 90, 39 నాటౌట్, అహ్మదాబాద్‌లో 125, దక్షిణాఫ్రికా ఎ జట్టు మీద ఒకే మ్యాచ్‌లో రెండు సెంచరీలు. బెంచ్ మీద సర్ఫరాజ్ ఖాన్ తప్పనిసరిగా ఉండాలి. స్పిన్నర్ చేతిలోంచి బంతి వదలగానే లెంగ్త్ పట్టేసి, ఆలస్యంగా ఆడి, స్వీప్‌తో ఫీల్డ్ చెదరగొట్టే ఆటగాడు అతను. బెంగళూరులో 46కి ఆలౌటైన మ్యాచ్‌లోనే రెండో ఇన్నింగ్స్‌లో 150 కొట్టాడు. విదేశాల్లో ఆడగలడా లేదా అన్నది వేరే చర్చ, ఇది స్వదేశీ సిరీస్, ఇక్కడికి ఎవరు కావాలో వాళ్ళని తీసుకోవాలి.

స్పిన్నర్ల దగ్గరికి వద్దాం, నాకు చాలామందితో గొడవ వచ్చేది ఇక్కడే. జడేజా, వాషింగ్టన్, కుల్దీప్, ఈ ముగ్గురే తుది జట్టులో. అక్షర్ పదిహేను మందిలో ఉంటాడు, జడేజా ఫిట్‌గా ఉన్నంతవరకు బయట కూర్చుంటాడు. అక్షర్ మీద నాకేం కోపం లేదు, 2021లో ఇంగ్లండ్ మీద మూడు టెస్టుల్లో 27 వికెట్లు తీశాడంటే మాటలా. కానీ అతనూ జడేజా ఒకే రకం బౌలర్లు, ఇద్దరూ ఎడమచేత్తో వేగంగా, స్టంప్స్ మీదికే. 2023లో ఆస్ట్రేలియా వచ్చినప్పుడు ఆల్‌రౌండర్లే కదా గెలిపించారని అంటారు, నిజమే, అక్షర్ నాగ్‌పుర్‌లో 84, ఢిల్లీలో 74 కొట్టకపోతే ఆ రెండు మ్యాచ్‌లూ కష్టమయ్యేవి. అయితే ఆ సిరీస్‌లో అక్షర్ తీసిన వికెట్లు మూడే. అశ్విన్ 25, జడేజా 22 తీశారు కాబట్టి లోటు తెలియలేదు. ఇప్పుడు అశ్విన్ లేడు. 537 వికెట్ల మనిషి వెళ్ళిపోయాక ఆ ఖాళీని పరుగులు చేసే బౌలర్లతో నింపలేం, వికెట్లు తీసేవాళ్ళతోనే నింపాలి.

కుల్దీప్ అందుకే ముఖ్యం. ఎడమచేతి మణికట్టు స్పిన్ ఆస్ట్రేలియా వాళ్ళకి నెట్స్‌లో దొరికేది కాదు, పిచ్‌లో ఏమీ లేకపోయినా గాల్లో మోసం చేస్తాడు. 2024లో ధర్మశాలలో మొదటి రోజే ఐదు వికెట్లు తీశాడు. ఇంగ్లండ్‌లో 2025లో ఐదు టెస్టులూ బెంచ్ మీదే ఉంచారు, బ్యాటింగ్ లోతు కోసం. ఇక్కడ కూడా ఆ పని చేస్తే ఇక మాట్లాడుకోవడానికేం లేదు. వాషింగ్టన్ ఎందుకంటే ట్రావిస్ హెడ్, అలెక్స్ కేరీ లాంటి ఎడమచేతి వాటం బ్యాటర్లకి బయటికి తిరిగే బంతి కావాలి, పుణెలో న్యూజిలాండ్ మీద మొదటి ఇన్నింగ్స్‌లో ఏడు వికెట్లు తీసింది అతనే. అతనికి బంతి ఇవ్వాలి, ఎనిమిదో నంబరులో బ్యాటింగ్ ఇవ్వాలి, మూడులో కాదు. పదిహేనో మనిషిగా విదర్భ కుర్రాడు హర్ష్ దూబేని తీసుకుంటాను. 2024-25 రంజీలో 69 వికెట్లు, ఒక సీజన్‌లో అదే రికార్డు. జడేజాకి అప్పటికి 38 ఏళ్ళు దాటుతాయి, అతని పక్కన నెట్స్‌లో వేస్తూ నేర్చుకునే వారసుడు ఒకడు ఇప్పుడే కావాలి.

పేసర్లు బుమ్రా, సిరాజ్, వెనక ఆకాశ్ దీప్. మన పిచ్‌ల మీద పేసర్లు అలంకారం అనుకునే రోజులు పోయాయి, ఎస్జీ బంతి పాతబడ్డాక రివర్స్ స్వింగ్‌తో విశాఖలో బుమ్రా పోప్ స్టంప్స్ ఎలా లేపాడో చూశాం. ఐదు టెస్టులూ అతనితో వేయించొద్దు, 2024లో రాంచీలో విశ్రాంతి ఇచ్చినట్టే ఒకటి వదిలేయాలి, ఏది వదిలేయాలో మాత్రం సిరీస్ మధ్యలో కాకుండా ముందే అనుకోవాలి.

జనం పట్టించుకోని విషయం ఇంకొకటుంది, బ్యాట్ దగ్గర నిలబడే ఫీల్డర్లు. స్పిన్నర్ వికెట్లలో చాలా భాగం స్లిప్‌లో, షార్ట్ లెగ్‌లో వచ్చేవే. గువాహటిలో మార్‌క్రమ్ ఒక్కడే మ్యాచ్‌లో తొమ్మిది క్యాచ్‌లు పట్టాడు. సెలెక్షన్‌లో ఇద్దరు బ్యాటర్లు సమానంగా ఉంటే షార్ట్ లెగ్‌లో నిలబడే గుండె ఉన్నవాణ్ణి తీసుకోవాలి, నేను జిల్లా జట్లకీ అదే చూశాను. సుదర్శన్‌కి ఆ ధైర్యం ఉంది, అది కూడా అతని ఖాతాలో వేయాలి. కీపింగ్ సంగతీ అంతే, మన విశాఖ కుర్రాడు కేఎస్ భరత్‌ని 2023లో తీసుకున్నది వికెట్ల దగ్గర నిలబడి స్పిన్‌కి చేసే కీపింగ్ కోసమే, పరుగులు రాక ఏడు టెస్టులతో ఆగిపోయాడు గానీ ఆ ఆలోచన సరైనదే. ఇప్పుడు పంత్, జురెల్ ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఆ బెంగ లేదు.

ఇంకొక్క సంగతి, పదిహేను మందిని సెలెక్టర్లు ఎంచుతారు, పదకొండు మందిని కెప్టెన్, కోచ్ ఎంచుతారు. టీవీ ముందు కూర్చుని అన్నింటికీ అగార్కర్‌ని తిడితే లాభం లేదు. ఒక టెస్టుకీ ఇంకో టెస్టుకీ మధ్య మనిషిని పిలిపించుకునే వీలు కూడా సొంతగడ్డ మీద ఉంటుంది, 2024లో వాషింగ్టన్ అలాగే పుణె టెస్టుకి ముందు వచ్చాడు, కాబట్టి పదిహేడు పద్దెనిమిది మందితో బెంచ్ నింపి కుర్రాళ్ళని రంజీకి దూరం చేయొద్దు.

చివరికి నితీశ్ సంగతి. మనవాడే, మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబరులో వచ్చి 114 కొట్టిన రోజు ఇక్కడ మా గ్రౌండ్‌లో పిల్లలు ఎంత గోల చేశారో నాకు తెలుసు. కానీ మన దగ్గర పేస్ ఆల్‌రౌండర్‌కి పని దొరకదు. వెస్టిండీస్ మీద ఆడించారు, బంతి అతని చేతికి ఇచ్చిందే అంతంత మాత్రం. గువాహటిలోనూ మూడో పేసర్ లాగా కొద్ది ఓవర్లే. బౌలింగ్ చేయనివ్వకుండా, బ్యాటింగ్ ఆరుకీ ఎనిమిదికీ మధ్య తిప్పుతూ ఉంచితే అతనికే నష్టం.

కాకినాడలో పుట్టిన హనుమ విహారి విషయంలో ఇలాంటిది చూశాం కదా. 2019లో కింగ్‌స్టన్‌లో 111 కొట్టి వచ్చాడు, విశాఖ టెస్టు ఆడాడు, వెంటనే పుణెలో అతన్ని తప్పించి ఉమేశ్‌ని తీసుకున్నారు. పదహారు టెస్టుల్లో స్వదేశంలో ఆడినవి మూడే. బయట సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలబడి మ్యాచ్ కాపాడినవాడికి లోపల వరుసగా రెండు టెస్టులకి మించి ఆడే అవకాశం రాలేదు. నితీశ్‌ని బ్యాటర్‌గా తీసుకోవాలంటే తీసుకోండి, ఆరో నంబరు ఇవ్వండి, ఐదు టెస్టులూ ఆడించండి, దానికి ముందు రంజీలో ఆంధ్ర తరఫున ఐదులో దిగి పెద్ద ఇన్నింగ్స్‌లు కట్టి చూపించాలి. అవి వస్తే జురెల్‌తో పోటీ పెట్టొచ్చు, నేనే మొదట చేయెత్తుతాను. రాకపోతే ఆ జనవరి, ఫిబ్రవరి నెలల్లో అతను ఉండాల్సింది ఆంధ్ర రంజీ జట్టులో, రోజుకి పదిహేను ఓవర్లు వేస్తూ.